సమజైందా అంటే అందరూ అయిందనే అంటరు

"సమజైందా?" అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతోని "అయింది సార్" అంటది. సదువుకునేటప్పుడు నేను గూడ గట్లనే అన్న. భిన్నాలు మాత్రం పదో తరగతి దాంక తలకెక్కలె.

ఇప్పుడు లెక్కలు చెప్పేది నేనే. గందుకే ప్లికర్స్ అనే యాప్ వాడుతున్న. పిల్లలకు ఫోన్లు అక్కర్లే, తలా ఒక కాగితం కార్డు చాలు. దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ, నాలుగు అంచులకు ఏ, బీ, సీ, డీ. జవాబు అక్షరం పైకొచ్చేటట్టు పట్టుకుంటరు. నా ఫోను కెమెరా అటు తిప్పితే ఎవరేం చెప్పిన్రో కనవడ్తది. ఒక్కో కార్డు బొమ్మ ఒక్కో తీరు, అక్షరాలేమో సన్నగ ఉంటయి. పక్కోనిది చూసి కొట్టుడు కష్టం.

1/2 + 1/3 ఎంత అని అడిగిన. సగం మంది 2/5 అన్నరు. పైవి పైవి, కిందివి కిందివి కలిపిన్రన్నమాట. 2/5 అంటే సగం కంటే తక్కువ గదా, కలిపితే తగ్గుతదా? రొట్టె బొమ్మ గీసి మళ్ల మొదటి నుంచి చెప్పిన. తప్పు ఆప్షన్లు ఊకె ఏదో ఒకటి పెట్టొద్దు, పిల్లలు నిజంగ చేసే తప్పులే పెట్టాలె. అప్పుడే ఎక్కడ తొవ్వ తప్పిన్రో దొరుకుతది.

దీనికి మార్కులేస్తే మళ్ల పక్కోని దిక్కు చూసుడే. నేనైతే ఏ జవాబు ఎవరిదో తెర మీద చూపియ్య.