ఆకు ఖర్చు పెట్టే నీరు



వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది ప్రాంతంలో ఎటు చూసినా నీరే. అయినా వేసవి మధ్యాహ్నం అక్కడి పచ్చిమేత తల వాల్చేస్తుంది. నీటి నడుమ ఉన్న పైరుకు దాహమెందుకు? జవాబు ఆకులో ఉంది.

ఆకుపై, అనేక మొక్కల్లో ముఖ్యంగా అడుగువైపున, కంటికి ఆనని పత్రరంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. ఆహారం తయారీకి కావలసిన బొగ్గుపులుసు వాయువు ఈ దారినే లోపలికి వస్తుంది. దారి తెరిచి ఉన్నంతసేపూ లోపలి తేమ ఆవిరై బయటికి పోతుంది. దీనినే బాష్పోత్సేకం అంటారు. వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఇలాగే పోతుంది. పొద్దున్నే ఒక ఆకుల రెమ్మకు పొడి పాలిథిన్ సంచి తొడిగి మూతి కట్టండి. మధ్యాహ్నానికి లోపల నీటి బొట్లు కనబడతాయి.

ఇది వృథా ఖర్చు కాదు. పైనుంచి పోయే నీరే కిందినుంచి నీటిని లాగుతుంది. దానితో ఎరువుల సారం ఆకుకు చేరుతుంది, ఆకు చల్లబడుతుంది. కాని ఎండ, గాలి హెచ్చి, వేరు ఆ నీటిని అందించలేకపోతే రంధ్రాలు మూసుకుంటాయి. మొక్క వాడుతుంది, ఎదుగుదల ఆగుతుంది. చౌడు నేలలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది కనుక నేల తడిగా ఉన్నా వేరు లాగలేదు.

సముద్రపు ఒడ్డున పెరిగే చెట్లకు దీనికి తగిన ఏర్పాట్లున్నాయి. మడ చెట్టు అదనపు ఉప్పును ఆకుల మీదికి వెళ్లగొడుతుంది. సరుగుడు ఆకులు చిన్న పొలుసులుగా కుదించుకుపోయాయి. మనం ఆకులనుకునేవి సన్నని రెమ్మలే. మన జొన్నకు, పిల్లిపెసరకు అటువంటి ఏర్పాట్లు లేవు. కావున జాగ్రత్త మనదే.

మేతకు తడి సాయంకాలం పెట్టడం మేలు. కోత ఉదయం చల్లని వేళ కోసి, మేతను నీడలో ఉంచాలి. కోసిన తర్వాత వేరు నుండి నీరు రాదు, ఆకు మాత్రం తేమ వదులుతూనే ఉంటుంది. పచ్చిమేతలో నూటికి 75 నుండి 80 పాళ్లు నీరే. వాడిన మేత పెడితే ఆ లోటును పశువు తొట్టిలో తాగి తీర్చుకోవాలి. గేదె పాలలోనూ నూటికి 80 పాళ్లకు పైగా నీరేనని మనం మరువరాదు. తొట్టి ఎండితే పాలు తగ్గుతాయి.

ఒక హెచ్చరిక. నీటి ఎద్దడికి గిడసబారిన లేత జొన్నను, కోసిన మోళ్లనుండి వచ్చిన పిలకలను పశువులకు మేపవద్దు. వాటిలో సైనైడు విషం హెచ్చుగా ఉండవచ్చు. దానినే రైతులు నాము అంటారు. తిన్న పశువు కొద్ది నిమిషాల్లోనే ప్రాణం కోల్పోవచ్చు. జొన్నకు తడి ఇచ్చి, పైరు తేరుకుని పూతకు వచ్చిన తర్వాతే కోయాలి. మేసిన పశువు రొప్పుతూ, తూలుతూ ఉంటే క్షణం ఆలస్యం చేయక పశువైద్యునికి కబురు పంపాలి.