మన్యపు జ్వరము, ప్లీహపు కావలి

భద్రాచలము దాటి దుమ్ముగూడెము మీదుగా చర్లకు సాగుకొలది గోదావరి ఒక ప్రక్కను, అడవి వేరొక ప్రక్కను దారికి తోడు వచ్చును. ఆ అడవి యంచున కోయలును కొండరెడ్లును తరతరములుగా చలిజ్వరమునకు, అనగా మలేరియాకు, గురియగుచున్నారు. మైదానములవారు దానికి మన్యపు జ్వరమని పేరిడి, ఏజెన్సీకి బదిలీ యనినంతనే జంకెడివారు.

ఇచ్చటి పిల్లవానిని వైద్యుడు వెల్లకిల పరుండబెట్టి, మోకాళ్లు ముడువుమని చెప్పి, ఊపిరి గట్టిగా పీల్పించి, ఎడమ ప్రక్కటెముకల క్రింద వ్రేళ్ల కొనలతో మెల్లగా తడవి చూచును. ఆరోగ్యవంతునికి సాధారణముగా అచ్చట ఏమియు తగులదు. మాటిమాటికి చలిజ్వరమున పడిన బిడ్డకు గట్టి యంచొకటి తగులును. అది వాచిన ప్లీహము. మన ముసలమ్మలు ‘కడుపులో బల్ల పెరిగినది’ అనునది దీనినే. ఊరి పిల్లలలో ఎందరికి బల్ల యున్నదో లెక్కించి ఆ యూరి మలేరియా తీవ్రతను అంచనా వేయుట వైద్యులకు పాత పద్ధతి. బల్లను చూచి భయపడుదుము గాని, అది విరామము లేని కావలిచే అలసి వాచిన అవయవమని నాకు తోచును.

దేహమునకు తొలి కోట చర్మము. మృతకణముల పొరలతో పేర్చబడిన ఆ కోటలో ఆడ అనాఫిలిస్ దోమ సూదిమొనంత కన్నము పొడిచి, లాలాజలముతో పరాన్నజీవిని లోనికి విడుచును. దోమ కడుపులో ఈ జీవిని రొనాల్డు రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. లోన ప్రవేశించిన క్రిమి కాలేయమున చేరి, ఇంచుమించు వారము దినములలో వేలకొలదిగా పెరిగి, రక్తమున పడి, ఎఱ్ఱకణములలో దూరును. ఎఱ్ఱకణమునకు కేంద్రకము లేదు. తనలో శత్రువు చేరెనని రక్షక కణములకు తెలుపు గుర్తును పైకి చూపజాలదు. అప్పుడు ప్లీహమే దిక్కు. దానిలోని అతిసన్నని చీలికల గుండ మెత్తని కణములు వంగి జారిపోవగా, క్రిమి చేరి బిరుసెక్కినవి చిక్కుకొని నశించును. ఫాల్సిపారమను క్రూరజాతి ఈ పరీక్షకు లోబడక, నెత్తురునాళముల గోడలకు అంటుకొని దాగును. పైపెచ్చు పై తొడుగును మార్చుచు ప్రతిరక్షకములను ఏమార్చును.

కావుననే పెక్కుమారులు జ్వరపడిన పెద్దలకు కలుగు రక్షణ సగపాటిది: క్రిమిని రానీయకుండ ఆపలేదు, ప్రాణము మీదికి మాత్రము రానీయదు. తల్లి యిచ్చిన ప్రతిరక్షకములు కొలది నెలలలో తరిగిన పసివానికిని, తొలిచూలు గర్భిణికిని, క్రొత్తగా వచ్చిన కూలికిని ఆ పాటియు లేదు.

పుట్టుకతో వచ్చు రక్షణయు ఒకటి కలదు. తల్లిదండ్రులలో ఒక్కరినుండి సికిల్ సెల్ (కొడవలి కణ) లక్షణము సంక్రమించిన బిడ్డకు తీవ్ర మలేరియానుండి చాలవరకు రక్షణ కలుగునని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపెను. ఈ లక్షణము మన గిరిజనులలోను కలదు. ఇద్దరినుండియు సంక్రమించినచో, కొడవలివలె వంగిన కణములు ప్లీహపు మార్గములను పూడ్చి బాల్యముననే దానిని శుష్కింపజేయవచ్చును. కావలి పోయిన ఆ బిడ్డకు న్యుమోనియా క్రిమియు ప్రాణాంతకము కావచ్చును. ఇంత మూల్యము చెల్లించి దేహము సంపాదించుకొన్న రక్షణను తలచినప్పుడు మనసు కలతపడును.

మలేరియా క్రిములలో వైవాక్స్ అను మరియొక జాతి కాలేయమున నిద్రించి, నెలల పిదప మరల లేచును. అందుచే అడవి యంచున నున్న అన్నదమ్ములారా, అక్కచెల్లెండ్రారా! జ్వరము తగిలిననాడే ఆశా కార్యకర్తచే వ్రేలి నెత్తురు పరీక్ష చేయించుకొనుడు. కాలేయమున దాగిన ఆ క్రిమికై వైద్యుడు 14 దినముల మాత్రలు వ్రాసినచో, మూడవనాటికి ఒళ్లు చల్లబడినదని మానక, కడపటి మాత్రవరకు మింగుడు.