ముంగాలు నొస్తే ఊరు చిన్నదవుతుంది

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా టేకులపల్లి చుట్టుపక్కల ఎండాకాలంలో తునికాకు కోత తెల్లవారుజామునే మొదలవుతుంది. ఎండ ముదరకముందే ఆకు తెంపి మూటతో ఇల్లు చేరాలి. నీడపట్టున కూర్చుని 50 ఆకులకొక కట్ట కట్టాలి. పొద్దు వాలేలోపు కల్లానికి చేర్చాలి. కోతకు ముందే కొమ్మ కొట్టి ఉంటారు కాబట్టి లేత ఆకు నేలకు దగ్గర్లోనే చిగురిస్తుంది. దాన్ని అందుకోవాలంటే వంగాలి, లేదా ముంగాళ్ళ మీద గొంతుక్కూచోవాలి. లేచి నాలుగడుగులు వేయడం, మళ్ళీ కూచోవడం. చూసేవాళ్ళకు చేతులే కనిపిస్తాయి. బరువు మోసేది మాత్రం అరికాల్లో వేళ్ళ వెనకున్న నాలుగు వేళ్ళ వెడల్పు చోటు.

అదే ముంగాలు. మడమ నొస్తే మడమ నొప్పి అంటాం, దానికి సలహాలు చెప్పేవాళ్ళూ ఊరి నిండా ఉంటారు. ముంగాలు నొస్తే "కాళ్ళ నొప్పులు" అనే మూటలో కలిపేస్తాం. వైద్యులు దీన్ని మెటటార్సాల్జియా అంటారు. నిజానికి అది జబ్బు పేరు కాదు, నొప్పి ఉన్న చోటి పేరు. కారణం వేరే వెతుక్కోవాలి.

పాదంలో 26 ఎముకలున్నాయి. వాటిలో ఐదు పొడవాటివి వేళ్ళ మొదళ్ళ దాకా సాగుతాయి. అడుగు తీసేటప్పుడు మడమ లేచిన క్షణాన ఒంటి బరువంతా, ఇంకొంచెం ఎక్కువే, ఈ ఐదింటి తలల మీద పడుతుంది. కింద మెత్తగా ఉండే కొవ్వు వయసుతో పలచబడుతుంది. పిక్క బిగుసుకుపోతే మడమ తొందరగా లేచి, ముంగాలికి ఇంకాస్త ఎక్కువసేపు చాకిరీ తప్పదు. పాత హవాయి చెప్పు ఒకటి తిరగేసి చూడండి, ఎక్కడ అరిగిందో. అరిగిన చోటే ఆనెకాయలు కూడా కాస్తాయి.

కాలి రెండో వేలు బొటనవేలికంటే పొడుగుంటే ఆ పిల్ల మొగుణ్ణి ఏలుతుందని పెద్దవాళ్ళు అంటుంటారు. మొగుడి సంగతేమో గానీ, 1920లలో అమెరికాలో డడ్లీ మోర్టన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి పాదాలనే పట్టి చూశాడు. బొటనవేలి వెనక ఎముక పొట్టిగా ఉంటే అది మోయవలసిన భారం పక్క ఎముక మీద పడుతుందని ఆయన వాదన. ఈ రంగంలో ఇంకో మోర్టన్ కూడా ఉన్నాడు, ఇద్దర్నీ కలిపేసి రాసేవాళ్ళూ ఉన్నారు. ఫిలడెల్ఫియా శస్త్రవైద్యుడు థామస్ జార్జ్ మోర్టన్ 1876లో రాసింది నరం నొప్పి గురించి. ఎక్కువగా మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య వెళ్ళే నరం చుట్టూ పొర దళసరెక్కుతుంది. చెప్పులో చిన్న రాయి ఇరుక్కున్నట్టుంటుంది. తీసి దులిపితే రాయి ఉండదు. వేళ్ళలోకి మంట, తిమ్మిరి పాకుతాయి. ఇది ఆడవాళ్ళలోనే ఎక్కువ.

పొద్దున లేవగానే రెండు ముంగాళ్ళూ గంటసేపు బిగుసుకుపోయి, వేళ్ళ మొదళ్ళు వాచి ఉంటే అది కీళ్ళవాతం కావచ్చు. ఆ జబ్బు చేతుల్లో కనబడకముందే కాళ్ళలో మొదలయ్యే సందర్భాలున్నాయి. దూరాలు నడిచినవాళ్ళకు ఎముక సన్నగా చిట్లవచ్చు. 1855లో బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు కవాతు చేసిన సిపాయిల వాచిన పాదాల గురించి రాశాడు. ఎక్స్‌రే అప్పటికి పుట్టలేదు కాబట్టి లోపల చిట్లిన ఎముక ఆయనకు కనబడలేదు. అడవి దారుల్లో మరో కారణాన్నీ మరిచిపోకూడదు. ఎప్పుడో గుచ్చుకుని, సగం విరిగి లోపలే ఉండిపోయిన ముల్లు పైకి అచ్చం ఆనెకాయలా కనిపిస్తుంది.

ఇవేవీ ప్రాణం తీసేవి కావు. అందుకే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, నొప్పి ఉన్న మనిషి కూడా పట్టించుకోదు. ఆమె చేసేదల్లా అడుగుల లెక్క వేసుకోవడం. మొదట దూరపు పొదలు వదిలేస్తుంది. తర్వాత సంతకు ఎవరి బండి మీదైనా వెళ్తుంది, బండి దొరక్కపోతే మానేస్తుంది. నాట్లకు పిలిస్తే వెనకాడుతుంది, ఎందుకంటే నాట్లలో బురదలోకి వేళ్ళు దించి వెనక్కి వెనక్కి జరగాలి. పెళ్ళిలో రేలా ఆటకు అందరూ చేతులు పట్టుకుని నిలబడితే తను అరుగు మీద కూచుని చూస్తుంది. సరేలే వయసైంది అనుకుంటారు. నొప్పి తప్పించుకోవడానికి అడుగు వేసేటప్పుడు బరువు పాదం అంచు మీదకు మార్చుకుంటుంది. కొన్నాళ్ళకు మోకాలు, నడుము కూడా పట్టేస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చెప్పేది నడుము నొప్పి గురించే.

నడివయసు దాటినవాళ్ళలో దాదాపు నాలుగోవంతు మందికి తరచూ పాదాల నొప్పి ఉంటుందని వివిధ దేశాల సర్వేలను కలిపి చూసిన పరిశోధకులు అంచనా వేశారు. ఆ నొప్పి బతుకును ఎంత కుదించిందో కొలవడానికి మాంచెస్టర్ వైద్యులు 2000లో 19 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. బయట నడవడం మానుకుంటున్నారా, ఎక్కువసేపు నిలబడలేకపోతున్నారా, చిరాకు పడుతున్నారా, వేసుకోవలసి వచ్చిన బూట్ల గురించి సిగ్గుపడుతున్నారా. మంచి ప్రశ్నలే. గట్టి నేల, గరుకు నేల తప్పించుకుంటున్నారా అని కూడా అడుగుతారు. టేకులపల్లి దాటి అడవిలోకి పోయే మనిషిని ఈ ప్రశ్న అడిగితే నవ్వుతుంది, వేరే నేల ఎక్కడుందని.

ఇక్కడ అడగవలసినవి వేరు. గొంతుక్కూచుని అంట్లు తోమగలుగుతున్నారా? మరుగుదొడ్డిలో కూచుని లేవగలుగుతున్నారా? వాచిన వేలికి మెట్టె బిగుసుకుపోయిందా? ఈ చివరిది చిన్న విషయం కాదు. మెట్టెలుండేది సరిగ్గా నొప్పి ఎక్కువగా వచ్చే రెండో వేలికే. భర్త బతికుండగా వాటిని తీయడానికి చేతులు రావు. నరం పట్టి లాగుతున్నా సబ్బు నీళ్ళతో కదిపి మళ్ళీ సర్దుకునేవాళ్ళు ఉంటారు. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో షిఫ్టు చేసే కార్మికుడికైతే బూటు ముందుభాగం ఇరుకా అని అడగాలి. అతని ముంగాలు గంటల తరబడి గట్టి బూటులోనే ఉంటుంది.

నొప్పి ఉండటమే నయమనిపించే సందర్భం ఒకటుంది. షుగరు ముదిరి పాదం మొద్దుబారితే ముంగాలు నలుగుతున్నా తెలియదు. ఆనెకాయ కింద పుండు పడ్డాక గానీ గుర్తించరు. మనవాళ్ళు ఆనెకాయకు జిల్లేడు పాలు రాస్తారు, నల్లజీడి కాల్చి పెడతారు, బ్లేడుతో చెక్కుతారు. షుగరున్న పాదానికి ఈ మూడూ ప్రమాదమే. స్పర్శ లేని పాదాల సంగతి బాగా తెలిసినవాడు పాల్ బ్రాండ్. 1946లో వెల్లూరు సి.ఎం.సి.కి వచ్చి కుష్ఠురోగుల చేతులకూ కాళ్ళకూ వైద్యం చేశాడు. నొప్పి తెలియకపోవడమే వాళ్ళ పాదాలను తినేస్తోందని చెప్పాడు. నడిచేటప్పుడు ఒత్తిడి ఒక్కచోటే పడకుండా పంచడానికి అక్కడ మెత్తటి గాలిబుడగల రబ్బరుతో చెప్పులు చేయించారు. మందుల షాపుల్లో ఎంసీఆర్ చెప్పులని అడిగి తెచ్చుకుంటున్నామే, అవే. కుష్ఠురోగుల కోసం పుట్టిన చెప్పు ఇవాళ పంతులమ్మల కాళ్ళకూ ఉంది.

చెప్పు మెత్తగా ఉంటే చాలదు, ముందువైపు వెడల్పు కూడా ఉండాలి. వేళ్ళు ఒకదాని మీదకొకటి ఎక్కకూడదు. పిక్కలు సాగదీసే వ్యాయామం రోజూ చేస్తే చాలామందికి మేలు. వాపు, తిమ్మిరి, మానని పుండు ఉంటే మాత్రం చూపించుకోవాలి. 2022లో కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది.

ఇంట్లోనే చేసుకోగలిగేది ఒకటుంది. చాలామంది నొప్పి ఉన్న చోటు కిందే మెత్తటి ముక్క అంటిస్తారు. నొప్పి ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఒత్తేచోటే ఇంకా ఎత్తయింది. అలా కాకుండా, అరికాల్లో వేలితో నొక్కి బాగా నొచ్చే చోట కాటుక చుక్క పెట్టి, చెప్పులో కాలు పెట్టి ఒక్కసారి నిలబడండి. చెప్పు మీద మచ్చ పడుతుంది. చెప్పులు కుట్టే అతనికి ఆ మచ్చ చూపించి, దాని మీద కాదు, దానికి కాస్త వెనక, మడమవైపు, ఒక చిన్న మెత్తటి గుబ్బ అంటించమనండి.