అంటుకట్టిన స్టార్చి: సగం పొలం సరుకు, సగం పెట్రోలు సరుకు

మొక్కజొన్న, కర్రపెండలం స్టార్చికి "గ్రాఫ్ట్" అనే మాట తోడైతే ధర మామూలు రకం కంటే బాగా పైన పలుకుతుంది. ఆ హెచ్చు ధర దేనికి చెల్లిస్తున్నదీ వర్తకులు తెలుసుకొని వుండడం అవసరం.

మామిడికి అంటు కట్టినట్లే, స్టార్చి అణువుకు మరొక రసాయన గొలుసును అతికించడమే యీ పద్ధతి. స్టార్చిని నీటిలో ఉడికించి చల్లార్చి, సీరిక్ అమోనియం నైట్రేటు సాయంతో అక్రిలోనైట్రైల్‌ను చేర్చుతారు. స్టార్చి కాండమైతే, దానిపై యీ గొలుసులు కొమ్మల్లా పెరుగుతాయి. ఆపైన కాస్టిక్ సోడాతో ఉడికిస్తే కొమ్మలకు నీటిని పట్టే గుణం వస్తుంది.

అమెరికా వ్యవసాయ శాఖకు పియోరియాలో వున్న పరిశోధనశాల 1970 దశకంలో దీనిని రూపొందించింది. "సూపర్ స్లర్పర్" అని పేరుపడిన యీ సరుకుకు 1976లో పేటెంట్లు లభించాయి. లవణాలు లేని నీటినైతే తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకుంటుంది. ఉప్పు నీటిలో ఆ శక్తి పదుల రెట్లకు పడిపోతుంది. కనుక స్వేదన జలంలో చూపిన నమూనాను నమ్మి బేరం కుదుర్చుకోరాదు. సరుకు చేరే ఊరి బోరునీటిలోనే పరీక్షించాలి.

ధర విషయానికి వస్తే, యీ రకంలో స్టార్చికి దాదాపు సమానంగా, ఒక్కొక్కప్పుడు అంతకుమించి అక్రిలోనైట్రైల్ పడుతుంది. అది ప్రొపిలీన్, అమోనియాల నుంచి తయారయ్యేది. అందుచేత మొక్కజొన్న మందగించినంత మాత్రాన యీ సరుకు దిగివస్తుందని లెక్క కట్టరాదు. ముడి చమురు పోకడను కూడా చూసుకోవాలి.

నాణ్యతలో ముఖ్యమైనది అంటిన శాతం. స్టార్చికి అతుక్కోని గొలుసులు వేరుగా మిగిలితే అది అంటు కాదు, ఉత్త కలగలుపు. మిల్లు ఇచ్చే పరీక్ష పత్రంలో అంటిన శాతం, తేమ, మిగిలిన అక్రిలోనైట్రైల్ వివరాలు అడిగి తీసుకోవాలి. అక్రిలోనైట్రైల్ విషపూరితం. సరుకు గాలిలోని తేమను కూడా లాగుతుంది కనుక ప్లాస్టిక్ లోపొర లేని బస్తాలు వానాకాలంలో తూకంలో తేడా తెస్తాయి.

గిరాకీని గురించి అతిగా ఆశపడడం కూడా మంచిది కాదు. పసిపిల్లల డయాపర్లలో నేడు ఎక్కువగా వాడేది స్టార్చి లేని అక్రిలిక్ సరుకు. విత్తనాల పూత, నేలలో తేమ నిలుపుదల వంటి పనులలో యీ రకానికి చోటున్నది. ఇతర గొలుసులు అంటుకట్టిన స్టార్చి రకాలు నూలుకు గంజి పెట్టడంలో, చమురు బావుల తవ్వకంలో పనికివస్తాయి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క రకం. ఏ పనికో రాసివుండని సరుకును నిల్వ చేసిన వర్తకునికి, కొనేవాడు దొరకడమే కష్టం.