అడవిలో వెలసి.. నగరం నడుమ నిలిచి
కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయుని గాథలో ఇద్దరు పాలకులు

ఎల్బీనగర్: నల్గొండ, సూర్యాపేట, విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్బీనగర్ కూడలికి చేరగానే దిగే ప్రయాణికుల్లో కొందరు ఇంటికి వెళ్లకముందే కర్మన్‌ఘాట్ దారి పడతారు. ఇన్నర్ రింగురోడ్డుపై చంపాపేట వైపు సాగితే శ్రీ ధ్యానాంజనేయ స్వామి దేవస్థానం వస్తుంది. మంగళ, శనివారాల్లో ఇక్కడ రద్దీ అధికం.

ఈ క్షేత్రం 1143లో వెలసిందని స్థలపురాణం చెబుతోంది. కాకతీయ రెండో ప్రోలరాజు వేటకు వచ్చి అలసి చెట్టు కింద విశ్రమించగా రామనామం వినిపించిందట. నిర్జనారణ్యంలో ఎవరా అని వెతికితే ధ్యానముద్రలో కూర్చున్న హనుమంతుని శిలావిగ్రహం కనిపించింది. ఆ రాత్రి స్వామి కలలో ఆదేశించగా రాజు గుడి కట్టించాడని ప్రతీతి. ప్రోలుని కాకతీయ చక్రవర్తిగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి ఆయన కల్యాణి చాళుక్యుల సామంతుడు. కాకతీయుల స్వాతంత్ర్యాన్ని చాటినది ఆయన కుమారుడు రుద్రదేవుని 1163 నాటి అనుమకొండ శాసనం. అయినా 1143 ప్రోలుని ఏలుబడిలోని సంవత్సరమే కనుక కథకు, కాలానికి పొసగుతుంది.

రెండో కథ ఊరి పేరుది. మొగలు చక్రవర్తి ఔరంగజేబు సేనలు గుడిని కూల్చబోయి ప్రహరీ దగ్గరికైనా రాలేకపోయాయట. ఆయనే గునపం పట్టి రాగా పిడుగులాంటి గర్జన వినిపించి గునపం చేజారిందని, గుడిని పడగొట్టాలంటే ముందు మనసు గట్టి చేసుకోమంటూ ‘కర్ మన్ ఘట్’ అన్న మాట వినవచ్చిందని, అదే కర్మన్‌ఘాట్ అయిందని చెబుతారు. గుడి కట్టిన నాలుగు వందల ఏళ్లకు ఇది జరిగిందనడం వాడుక. అయితే ఔరంగజేబు సుమారు ఎనిమిది నెలలు ముట్టడించి గోల్కొండను గెలిచింది 1687లో. లెక్క వేస్తే 544 ఏళ్లు. అంకెల్లో తేడా ఉన్నా భక్తుల నోట కథ మాత్రం మారలేదు.

కాకతీయుల పేరు విని వేయిస్తంభాల గుడి వంటి శిల్పకళను ఊహించుకుని వచ్చేవారికి కొంత నిరాశ తప్పదు. ఇక్కడి విశేషం మూలవిరాట్టే. నిలువెత్తు అభయాంజనేయులను చూసి అలవాటుపడిన కళ్లకు ధ్యానంలో కూర్చున్న మారుతి కొత్తగా తోస్తాడు. ప్రాంగణంలో రాముడు, శివుడు, వేణుగోపాలుడు, జగన్నాథుడు, దుర్గ, సరస్వతి, సంతోషిమాతల సన్నిధులూ ఉన్నాయి. ప్రదక్షిణలు చేస్తే సంతానం కలుగుతుందని దంపతుల నమ్మకం.

2018 సెప్టెంబరు 24న మెట్రోరైలు ఎల్బీనగర్ దాకా రావడంతో దూరప్రాంతాల వారికి ప్రయాణం సులువైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో గాని, ఎల్బీనగర్‌లో గాని దిగి ఆటోలో చేరుకోవచ్చు.

హనుమజ్జయంతి విషయంలో కొత్తవారు తికమకపడుతుంటారు. చైత్ర పౌర్ణమిని ఇక్కడ విజయోత్సవంగా జరుపుతారు. ఆనాడు మొదలయ్యే 41 రోజుల దీక్ష వైశాఖ బహుళ దశమి నాటి జయంతితో ముగుస్తుంది. చైత్ర పౌర్ణమినే కర్మన్‌ఘాట్ నుంచి చంపాపేట, సైదాబాద్ మీదుగా కోఠి దిశగా శోభాయాత్ర బయలుదేరుతుంది. ఆ దారిలో వాహనాలను మళ్లిస్తారు కనుక పిల్లలు, వృద్ధులతో వచ్చేవారు ఉదయాన్నే దర్శనం ముగించుకోవడం మేలు.