మంట పసుపెక్కితే పొయ్యి కడగాలి

1999లో దీపం పథకం వచ్చాక మహిళా సంఘాల సభ్యుల ఇళ్లలో గ్యాసు పొయ్యిలు వెలిశాయి. అన్నం పొంగి గంజి కారితే బర్నరు రంధ్రాలు పూడుకుపోతాయి. గాలి సరిగా కలవక, నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకు తిరుగుతుంది. గిన్నెల అడుగులు మసిబారతాయి. గ్యాసు వృథా అవుతుంది. తలుపులు మూసిన వంటింట్లో విషవాయువు చేరే ప్రమాదమూ ఉంది.

శుభ్రం చేసేముందు రెగ్యులేటరు కట్టేయాలి. పొయ్యి చల్లారాక బర్నర్లు తీసి, సబ్బు కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టాలి. ఇత్తడివైతే చింతపండుతో తోమవచ్చు. రంధ్రాలను సన్నని సూదితో గుచ్చి, పాత బ్రష్షుతో రుద్ది, తడి లేకుండా ఆరబెట్టి బిగించాలి. రబ్బరు గొట్టం పగిలితే వెంటనే మార్చాలి. గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గీయరాదు, స్విచ్చి వేయరాదు. తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి.