అక్షరములతో గీసిన రేవు పటము

పటమనగానే కుంచెయు రంగులును మనకు స్ఫురించును. అక్షరములతో మాత్రమే పటమును గీయవచ్చునన్న మాట మన చదువరులలో కొందఱికి వింతగా తోపవచ్చును. 1933లో తెరువబడిన మన విశాఖపట్టణపు రేవును మేమట్లు గీయ యత్నించి, రెండు మారులు భంగపడితిమి.

ఫోటో చుక్కల సమూహము, పెంచినకొలది మసకబారును. 2001లో ప్రమాణముగా ప్రకటింపబడిన ఎస్.వి.జి. పద్ధతియందన్ననో, గీత యెచ్చట మొదలై యెటు వంగునో వ్రాతలోనే యుండును. ఎంత పెంచినను చెడదు. ఆ వ్రాత ఎక్స్.ఎమ్.ఎల్. నియమములకు లోబడినది. కావున, అనకాపల్లి చెఱకురసము గానుగనుండి పెనమునకు, పెనమునుండి అచ్చులకు పోవునట్లు, పటము ఒక దశలో సరిచూడబడి, మఱియొక దశలో మార్పబడి, తుదకు అచ్చునకు సిద్ధమగును.

మార్చు దశకు ఎక్స్.ఎస్.ఎల్.టి. అను సూత్రముల భాష కలదు. ఓడల కాలువ గీతను లావు చేయుటకు "పాత్" అను అంశమునకు సూత్రము వ్రాసితిమి. గీతలన్నియు మాయమై కొండల పేర్లు మాత్రము మిగిలెను! కారణమేమన, ఊరిలో రామయ్యలు పలువురుండిన ఇంటిపేరు చెప్పవలెను గదా; ఎస్.వి.జి. అంశములకును అట్టి ఇంటిపేరు కలదు. మేము దానిని విడిచితిమి. ఏ సూత్రమునకును చిక్కని అంశములోని మాటలను మాత్రము దిగవిడుచుట ఆ భాష స్వభావము.

రెండవ తప్పు ఇంతకంటె అపాయకరము. రేవు ముఖమునకు ఉత్తరమున రాస్ కొండయు, దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ కొండయు కలవు. మా పటమున అవి తారుమారయ్యెను. దానిని నమ్మి ఓడ నడపినవాడు ఏమగునో చెప్పనేల? అక్షాంశము ఉత్తరమునకు పోయినకొలది పెరుగును, ఎస్.వి.జి.లో నిలువు కొలత క్రిందికి దిగినకొలది పెరుగును. పటమునంతను తలక్రిందు చేసితిమి. కొండలు చక్కబడెను గాని తెలుగక్షరములు శీర్షాసనము వేసెను.

కావున అక్షరముల జోలికి పోక, అంకెలనే మార్చితిమి. పటపు పై యంచు 17 డిగ్రీల 45 నిమిషములు. నిమిషమునకు 100 భాగములు. 17 డిగ్రీల 41 నిమిషముల చోటు పైనుండి 400వ భాగమున పడును. రేఖాంశపు నిమిషము మన ప్రాంతమున కొంచెము పొట్టి గనుక, దానికి 95 భాగములే యిచ్చితిమి. ఇప్పుడు కొండలు తమ తమ చోట్లనే యున్నవి, పేర్లును నిటారుగా నిలిచినవి.